ముప్పై ఒకటో సంపుటంలోని గులాబీ చీటీ

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, ఏప్రిల్ ఒకటో తారీఖున నన్ను మా సంస్థ లైబ్రరీకి ఇన్‌ఛార్జిగా వేస్తూ ఆర్డరు ఇచ్చారు. తారీఖు చూసి నవ్వినవాళ్లున్నారు. అదే లైబ్రరీలో మొదట అసిస్టెంటుగా, తర్వాత డిప్యూటీ లైబ్రేరియన్‌గా ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను కాబట్టి కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదనుకున్నాను. ఆర్డరులో నా హోదా మాత్రం కొత్తది. లైబ్రేరియన్ అనే మాట తీసేసి ‘సమాచార వనరుల అధికారి’ అని రాశారు. జీతం అదే, కుర్చీ అదే, కుర్చీకి ఊడిపోయిన చెయ్యి కూడా అదే.

మాది జీవరసాయన పరిశోధన చేసే ప్రైవేటు సంస్థ. జూబ్లీహిల్స్ కొండ దిగి ఫిల్మ్ నగర్‌లోకి తిరిగే మలుపులో మూడంతస్తుల భవనం. చుట్టూ సినిమా ఆఫీసులు. పొద్దున వెంగళరావు నగర్ నుంచి వచ్చి ఆటో దిగితే, గేటు దాకా కారవాన్లూ జనరేటరు వ్యాన్లూ తప్పించుకుంటూ నడవాలి. టీ కొట్టు దగ్గర నిలబడ్డ పోలీసు నిజం పోలీసా, వేషమా అని కొత్తలో చూసేదాన్ని. కొన్నేళ్లకు అదీ మానేశాను. ఎవరి డ్యూటీ వాళ్లది.

సైన్సు లైబ్రరీ అంటే చాలామంది నవలలు లేని లైబ్రరీ అనుకుంటారు. నిజానికి పుస్తకాలు మాకు రెండో సంగతి. మా ప్రాణం పరిశోధన పత్రికలు. ఒక శాస్త్రవేత్త కనిపెట్టినది మరో శాస్త్రవేత్తకు చేరేది వాటి ద్వారానే. ఏడాదికి పన్నెండు సంచికలు వస్తే, అవి అన్నీ ఉన్నాయో లేదో సరిచూసి, ఒక్కటిగా కుట్టించి, ఆకుపచ్చ రెగ్జిన్ అట్ట వేయించి, వీపు మీద బంగారు రంగులో పత్రిక పేరు, సంపుటం సంఖ్య కొట్టిస్తాం. దాని కింద తెల్ల ఇంకుతో మా నంబరు రాస్తాం. ఆ నంబరు పడితేనే అది లైబ్రరీ సొత్తు.

నేను చేరినప్పుడు ఆ పని కుటుంబరావు గారిది. పెద్ద చదువు లేదు, లైబ్రరీ అటెండరుగా చేరి సీనియర్ అసిస్టెంటు దాకా వచ్చిన మనిషి. ఆయనకొక అలవాటుండేది. పత్రికలో ఏదైనా వ్యాసంలో తప్పు పడితే ఆ పత్రికవాళ్లు తర్వాతి సంచికలో ఒక చిన్న దిద్దుబాటు చీటీ విడిగా పెట్టి పంపేవాళ్లు. చాలా లైబ్రరీలలో ఆ చీటీ సంచిక విప్పగానే కింద పడి చెత్తబుట్టలోకి పోయేది. కుటుంబరావు గారు దాన్ని తీసుకెళ్లి అసలు వ్యాసం మొదటి పేజీకి ఒక అంచున గమ్ముతో అతికించి, పక్కన పెన్సిల్‌తో ‘దిద్దుబాటు చూడుడు’ అని రాసేవారు. బైండింగు రిజిస్టరులోనూ ఎక్కించేవారు. ఇంత చాదస్తం ఎందుకండీ అని ఒకసారి ఆటపట్టించాను. “తప్పు ఒకచోటా, దిద్దిన చీటీ ఒకచోటా ఉంటే చదివేవాడు తప్పే చదువుతాడమ్మా” అన్నారు. ఆయన రిటైరై వెళ్లిపోయారు. ఇప్పుడు లేరు.

తర్వాత పత్రికలన్నీ కంప్యూటర్లోకి వచ్చాయి. నేను టెక్నాలజీని తిట్టే మనిషిని కాను. ఒక వ్యాసం కావాలంటే వేరే ఊరి లైబ్రరీకి ఉత్తరం రాసి, ఫొటోకాపీ కోసం ఆరు వారాలు ఎదురుచూసిన రోజులు నాకు తెలుసు. ఇప్పుడు ఆరు సెకన్లు. ప్రచురణ సంస్థలు పాత సంచికల్ని కూడా స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టాక, మా రెండో అంతస్తు హాల్లో నాలుగు వేల పైచిలుకు సంపుటాలు దుమ్ము పట్టాయి. ఏసీ ఖర్చు, చెదల మందు ఖర్చు. చదివేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురు.

నేను ఇన్‌ఛార్జి అయిన రెండో నెలలోనే డైరెక్టరు గారు పిలిచారు. ఆ హాలు స్టార్టప్ కంపెనీల కోసం కావాలట. ఆయనది గుంటూరు వైపు. మాట మెత్తన, పని గట్టి. “సుగుణ గారూ, అవన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదండీ. మరి ఈ కట్టలన్నీ మనకెందుకండీ?” అన్నారు. నాకు చివుక్కుమంది, కానీ కాదనడానికి లెక్క దొరకలేదు.

పత్రికలు తీసేయడానికి ఒక పద్ధతుంది. ముగ్గురు సభ్యుల కమిటీ వేస్తారు. లైబ్రేరియన్ ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో రెండు వాక్యాలే ఉంటాయి. ఒకటి, ఈ పత్రికల పూర్తి పాఠం ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. రెండు, అచ్చు ప్రతులు దేశంలో వేరే లైబ్రరీలలో ఉన్నాయి. మొదటి వాక్యం కోసం ఒక్కో సంపుటంలో ఒక వ్యాసం తెరిచి మొదటి పేజీ, చివరి పేజీ చూశాను. అందరూ అలాగే చూస్తారు. రెండో వాక్యం కోసం ఉమ్మడి జాబితా చూశాను. దేశంలోని సైన్సు లైబ్రరీలన్నీ తమ దగ్గర ఏ పత్రిక ఏ సంపుటం నుంచి ఏ సంపుటం వరకు ఉందో ఎక్కించే జాబితా అది. ప్రతి పత్రికకూ ఎదురుగా నాలుగైదు లైబ్రరీల పేర్లున్నాయి. చాలనుకున్నాను. సంతకం పెట్టాను.

ఆ జాబితాలో నుంచి మా లైబ్రరీ పేరు తీసేయడం కూడా నా పనే. ఒక్కో పత్రికకూ విడిగా తెరిచి తీయాలి, కొన్ని వందలున్నాయి. ఏడాది చివర్లో తీరిగ్గా చేద్దామని పక్కన పెట్టాను. ఏడాది చివర వచ్చింది, పోయింది.

సంపుటాలు ఎక్కడికి పోయాయో చెప్పాలి. తుక్కువాడిని పిలిచేలోపే వెనక సందులోని సినిమా ఆఫీసు నుంచి కబురొచ్చింది. వాళ్ల సినిమాలో ఒక ముసలి శాస్త్రవేత్త ఇల్లు ఉందట, గోడ నిండా పుస్తకాలు కావాలట. ఉచితంగా ఇచ్చేస్తామన్నాం. లారీ వచ్చి మూడు ట్రిప్పులు వేసింది. తుక్కు కాకుండా సినిమాకు పోయాయని నేను సంబరపడ్డాను. మన లైబ్రరీ వెండితెరకెక్కిందని క్యాంటీన్లో జోకులు కూడా వేశాను. ఇప్పుడా జోకులు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మరుసటి ఏడాది జూన్‌లో డాక్టర్ స్రవంతి నా గదికి వచ్చింది. మా సంస్థలో మూడేళ్ల కాంట్రాక్టు మీద పనిచేస్తున్న సైంటిస్టు. వరంగల్ అమ్మాయి, పీహెచ్‌డీ చేసేటప్పటి నుంచీ మా హాల్లోనే కూర్చుని చదివేది. నెలకు ఇద్దరు ముగ్గురు అన్నాను కదా, వాళ్లలో ఒకరు. చేతిలో ఒక ఈమెయిలు ప్రింటు. ఆమె వ్యాసం వేసిన పత్రిక సంపాదకుడి నుంచి వచ్చింది.

విషయం ఇది. ఆమె తన ప్రయోగంలో ఒక పాత కొలత పద్ధతిని వాడింది. ఆ పద్ధతి ఎప్పుడో మూతపడిన ఒక చిన్న యూరోపియన్ పత్రిక ముప్పై ఒకటో సంపుటంలో వచ్చింది. అందులో నమూనాను పది వంతుల నీటితో పలచన చేయాలని అచ్చయింది. నిజానికి వంద వంతులు. రచయితే తర్వాత గులాబీ రంగు చీటీ మీద దిద్దుబాటు ఇచ్చాడు. స్రవంతి ఆ చీటీ చదివి వంద వంతులే వాడింది. తన వ్యాసంలో ‘రచయిత దిద్దుబాటు ప్రకారం’ అని రాసింది కూడా. ఇప్పుడు వేరే దేశంలో ఎవరో ఆన్‌లైన్ ప్రతి చూసి పది వంతులతో చేశారు. ఫలితం కలవలేదు. కావలసిన ఫలితం కోసం ఈవిడ పద్ధతిని మార్చుకుందని ఫిర్యాదు చేశారు. ముప్పై రోజుల్లో ఆ దిద్దుబాటు చూపించాలి, లేకపోతే వ్యాసాన్ని ఉపసంహరిస్తామని సంపాదకుడు రాశాడు. సైన్సులో వ్యాసం ఉపసంహరణ అంటే దొంగ అని ముద్ర వేయడమే. సెప్టెంబరులో ఆమె కాంట్రాక్టు పొడిగింపు ఉంది.

“మేడం, మన సంపుటం ఒక్కసారి తీసియ్యండి. ఫొటో తీసి పంపిస్త” అంది.

సంపుటం లేదని చెప్పాను. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. హాలు ఖాళీ చేయడం ఆమెకు తెలుసు గానీ, సంపుటాల్ని ఎక్కడో గోడౌనులో పెట్టామనుకుంది. అప్పుడే ఫొటో తీసి పెట్టుకోలేదా అని, నా తప్పు కప్పుకోవడానికి అన్నట్టు, కొంచెం గట్టిగానే అడిగాను. “లైబ్రరీల ఉన్నదానికి ఫొటో ఎందుకు మేడం? ఎటు పోతది అనుకున్న” అంది.

ఆన్‌లైన్ ప్రతి తెరిచాం. మొదటి పేజీ ఉంది, చివరి పేజీ ఉంది. నేను సర్టిఫికెట్ ఇచ్చేముందు చూసిన రెండూ ఉన్నాయి. చీటీకి పేజీ నంబరు లేదు కాబట్టి స్కాన్‌లో లేదు. ఆ పాత పత్రిక హక్కులు కొన్న పెద్ద ప్రచురణ సంస్థకు రాశాను. ముందు మెషీను జవాబిచ్చింది, ఒక ఫిర్యాదు నంబరుతో. నాలుగు ఉత్తరాల తర్వాత మనిషి జవాబిచ్చాడు. తమ వెబ్‌సైటులో ఉన్నదే అధికారిక ప్రతి అనీ, అందులో లేనిదాని గురించి తాము చెప్పగలిగేది ఏమీ లేదనీ. పద్ధతి కనిపెట్టిన రచయిత పోయి చాలా ఏళ్లయింది.

తర్వాత ఉమ్మడి జాబితా. మా పేరు కాక ఐదు లైబ్రరీల పేర్లున్నాయి. ఐదింటికీ రాశాను, ఫోన్లు చేశాను. మొదటిది రెండేళ్ల కిందటే తీసేసింది. రెండోదానిలో వరుసంతా ఉంది, ముప్పై ఒకటో సంపుటం మాత్రం బైండింగుకు వెళ్లి తిరిగి రాలేదు. మూడోది భవనం మారినప్పుడు పెట్టెల్లో కట్టి పెట్టింది, ఆ పెట్టెలు వానకు తడిసి పోయాయి. నాలుగో లైబ్రరీ ఫోను ఎత్తిన అమ్మాయి, అసలు అచ్చు పత్రికల విభాగమే తమకు లేదని మర్యాదగా చెప్పింది. అందరూ శ్రీవైష్ణవులే గానీ బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్నట్టుంది వ్యవహారం. ఐదోది, పెద్ద లైబ్రరీ, జవాబివ్వలేదు. ఇంకా పద్నాలుగు రోజులున్నాయి.

అప్పుడిక సినిమా ఆఫీసుకు నడిచాను. మా గేటు నుంచి పది నిమిషాలు. ముందే వెళ్లొచ్చు కదా అంటారేమో. నిజం చెప్పాలంటే వెళ్లాలంటే మొహం చెల్లలేదు. ఇచ్చేసిన వస్తువు తిరిగి అడగడం ఒక ఎత్తు, ఇవ్వకూడనిది ఇచ్చేశానని నలుగురిలో ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. ఆ సినిమా అప్పటికే వచ్చి వెళ్లిపోయింది. సెట్టు సామాను ప్రాపర్టీ గోడౌనులో ఉందని చెప్పి పంపించారు.

సినిమాకు కావలసిన వస్తువులన్నీ దాచే చోటు ప్రాపర్టీ గోడౌను. రేకుల షెడ్డులో సింహాసనాలు, ఆసుపత్రి మంచాలు, పాత టెలిఫోన్లు, ప్లాస్టిక్ అరటి చెట్లు. దాన్ని చూసుకునేది యాదగిరి, యాభై ఏళ్ల మనిషి. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. ఏ వస్తువు ఎక్కడుందో ఒక్క కాగితం చూడకుండా చెప్పాడు. పుస్తకాలనగానే నేరుగా వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లాడు.

గోడకు ఆనించి పెద్ద ప్లైవుడ్ పలకలున్నాయి. పలకల నిండా మా సంపుటాలు. ఆకుపచ్చ రెగ్జిన్, బంగారు అక్షరాలు, కింద తెల్ల ఇంకుతో మా నంబర్లు, కుటుంబరావు గారి చేతిరాత. నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్లి ముట్టుకున్నాను. వీపులే. పుస్తకాల వీపులు మాత్రం కోసి పలకకు అతికించారు. వెనక ఏమీ లేదు.

“దూరం నుంచి చూస్తె ఎవ్వరు గుర్తువట్టరు మేడం” అన్నాడు యాదగిరి, తన పనితనం చూపిస్తున్న సంతోషంతో. “ఫుల్ బుక్కులైతే మస్తు బరువు. ర్యాకులు వంగుతయ్. మేం సెట్టు కట్టాలె, ఇప్పాలె.”

లోపలి కాగితాలు ఏమయ్యాయని అడిగాను. “గప్పుడే తుక్కుకు పోయినయ్.”

నా మొహం చూసి అతనికి ఏదో అర్థమైంది. స్టూలు తెచ్చి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. విషయం చెప్పాను, ఒక అమ్మాయి ఉద్యోగం ఆ కాగితాల్లో ఒక చీటీ మీద ఉందని. “చదివేటోళ్లు ఉన్నరని మాకేం ఎరుక మేడం? ఎరుకుంటే కోస్తుంటిమా?” అన్నాడు. ఇవి ఇక అక్కర్లేదని సంతకం పెట్టిచ్చింది నేను.

అప్పుడు గుర్తొచ్చినట్టు, యాక్టర్లు చేత్తో తీసి తిరగేసే సీను కోసం నాలుగు పుస్తకాలు కోయకుండా ఉంచామని ఒక ట్రంకుపెట్టె తెరిచాడు. నాలుగూ మా ఆకుపచ్చ సంపుటాలే. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. మూడు వేరే పత్రికలవి. నాలుగోది నేను వెతుకుతున్న పత్రికే, ముప్పయ్యో సంపుటం. ఒక్క అంకె తేడా. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది, అది కూడా ఎవరి మీదో చెప్పలేను. ఊరికే పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. మధ్యలో ఒక వ్యాసం మొదటి పేజీకి గులాబీ రంగు చీటీ అతికించి ఉంది, పక్కన పెన్సిల్‌తో ‘దిద్దుబాటు చూడుడు’. మాకు కావలసిన వ్యాసం కాదు. కానీ ఆ పత్రిక అలా విడి చీటీలు పంపేదనడానికి అది సాక్ష్యం.

ఆ సంపుటం ఇస్తారా అని అడిగితే యాదగిరి వెంటనే దుమ్ము తుడిచి చేతికిచ్చాడు. పలక మీద నుంచి ముప్పై ఒకటో నంబరు వీపును కూడా కత్తితో జాగ్రత్తగా లేపి ఇచ్చాడు. “తీస్కపోండి మేడం, మీదే కదా” అన్నాడు.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి ఐదో లైబ్రరీ జవాబు వచ్చి ఉంది. నాలుగు వాక్యాలు. ఆ పత్రికను తాము కిందటి జనవరిలో తీసేశామనీ, దేశంలో వేరే చోట ఉందో లేదో ఉమ్మడి జాబితాలో నియమం ప్రకారం సరిచూసుకున్నామనీ రాశారు. చివరి వాక్యం నాకు కంఠతా వచ్చు. ‘జాబితా ప్రకారం ఈ పత్రిక పూర్తి వరుస మీ లైబ్రరీలో ఉంది. దయచేసి మీ బీరువాలలో చూసుకోగలరు.’

జనవరికి మా హాలు ఖాళీ అయి చాలా రోజులైంది. ఏడాది చివర తీరిగ్గా చేద్దామనుకున్న పని నేను ఆ డిసెంబరులోనే చేసి ఉంటే, జనవరిలో వాళ్లు ఆగేవాళ్లు. సంపుటం ఈరోజు ఉండేది. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో తెలియదు.

స్రవంతిని పిలిచి చూపించాను. దాచాలనిపించింది, కానీ దాచలేదు. ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. “మీరు ఆన్‌లైన్‌ల అన్నీ ఉన్నయ్ అని రాసిచ్చిన్రు, మేం నమ్మినం. మరి మీరు ఎవర్ని నమ్మిన్రు మేడం?” అని అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టే. జాబితాను నమ్మానన్నాను. ఆ జాబితాలో ఎవరు రాస్తారని అడగబోయి ఊరుకుంది. జవాబు అప్పటికే ఆమె చేతిలో ఉంది.

ఇక మిగిలింది బైండింగు రిజిస్టరు. పుస్తకాలు పారేసినా ఆఫీసు రిజిస్టర్లు పారేయకూడదని రూలు. స్టోరు గదిలో రెండు రోజులు వెతికితే దొరికింది. ముప్పై ఒకటో సంపుటం వరుసలో కుటుంబరావు గారు రాశారు: ‘సంచికలు పన్నెండు, విషయసూచిక ఒకటి, దిద్దుబాటు చీటీ ఒకటి, ఫలానా పేజీకి అతికించబడినది.’ పేజీ నంబరు స్రవంతి వాడిన వ్యాసానిదే. ఆ వరుస, ముప్పయ్యో సంపుటంలోని చీటీ, ఐదు లైబ్రరీల జవాబులు ఫొటోలు తీశాను. సంపుటాన్ని తీసేసింది మేమేనని, అచ్చు ప్రతి సరిచూడకుండా ఆన్‌లైన్‌లో పూర్తి పాఠం ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది నేనేనని నా పేరుతో ఒక వాంగ్మూలం రాశాను. డైరెక్టరు గారు దాన్ని చదివి, “ఇంత వివరంగా అవసరమా అండీ?” అన్నారు. అవసరమే అన్నాను. గడువుకు మూడు రోజుల ముందు అన్నీ పంపాం.

సంపాదకుడు న్యాయంగానే జవాబిచ్చాడు. చీటీ ఉండేదని నమ్ముతున్నాం, దాని మీద ఏముందో మాత్రం రుజువు కాలేదన్నాడు. వ్యాసాన్ని ఉపసంహరించలేదు. దాని పైన ‘ఈ వ్యాసంపై సందేహం వ్యక్తమైంది’ అనే నోటీసు పెట్టాడు. ప్రయోగం రెండు విధాలా మళ్లీ చేసి చూపిస్తే పరిశీలిస్తామన్నాడు. కొత్తగా నమూనాలు సేకరించి చేయడానికి స్రవంతికి ఐదు నెలలు పట్టింది. సంస్థ ఆమె కాంట్రాక్టును మూడేళ్లకు బదులు ఆరు నెలలే పొడిగించింది, ఆ నోటీసు చూపించే. వంద వంతులే సరైనదని ఆమె ఫలితాల్లో తేలింది. పత్రిక ఒప్పుకుని, సందేహం తీరిందని మరో నోటీసు పెట్టింది. మొదటి నోటీసు మాత్రం తీయలేదు. ఒకసారి ఆన్‌లైన్‌లో పెట్టింది తీయకపోవడం వాళ్ల పద్ధతి. ఇప్పటికీ ఆమె పేరు కొట్టి వెతికితే మొదట వచ్చేది సందేహమే. తప్పు దిద్దిన చీటీ పోయింది, అనుమానం రాసిన చీటీ ఉండిపోయింది.

రెండో నోటీసు వచ్చేసరికి ఆరు నెలలూ అయిపోయాయి. స్రవంతి టోలిచౌకి దగ్గర ఒక డయాగ్నస్టిక్ కంపెనీలో చేరింది. రక్త నమూనాల నాణ్యత చూసే పని. బాగానే ఉన్నానంటుంది. పరిశోధన మళ్లీ చేస్తావా అని ఒకసారి అడిగాను. నవ్వి, తన పిల్లల స్కూలు కబుర్లు చెప్పింది. ఆ అమ్మాయి విషయంలో నాకున్న బాధ తగ్గలేదు. తగ్గుతుందని కూడా అనుకోవడం లేదు.

ఆ ఐదో ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచే ఉమ్మడి జాబితా తెరిచి కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. ఒక్కో పత్రికకు రెండు నిమిషాలు పడుతుంది. రోజువారీ పని చూసుకుంటూ మూడు వారాల్లో మా పేరు అన్నిటి నుంచీ తీసేశాను. మధ్యలో డైరెక్టరు గారు పిలిచారు. “అవన్నీ ఇప్పుడే తీసేయాలా అండీ? పరిశోధన సంస్థల ర్యాంకింగుకు వెళ్లేటప్పుడు మన దగ్గర ఇన్ని పత్రికలున్నాయని చూపించుకుంటాం కదా” అన్నారు. లేని పత్రికలు కదా సార్ అన్నాను. “అందరూ అలాగే చూపిస్తున్నారు కదండీ” అన్నారు. అవును సార్, అందుకే ఎవరి దగ్గరా లేవు అన్నాను. ముప్పై ఏళ్లలో నేను పై అధికారికి ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. ఆయన ఫైలు మూసేశారు.

ఆ తర్వాత నాకు ఇంకొక లైబ్రరీ నుంచి ఉత్తరం వచ్చింది. తాము పదిహేడు పత్రికలు తీసేయబోతున్నామనీ, అవి మీ దగ్గర ఉన్నట్టు తమ దగ్గరున్న ఉమ్మడి జాబితా పాత ప్రింటులో ఉందనీ, ఒక్కమాట ధ్రువీకరించమనీ. లేవు, మీవి తీయకండి అని ఆరోజే జవాబు రాశాను, ఫోను కూడా చేశాను. తొమ్మిది అప్పటికే లారీ ఎక్కాయి. ఎనిమిది ఆగాయి.

రిటైరయ్యే రోజు స్టాకు అప్పగించాలి. జాబితాలో ఉన్న ప్రతి వస్తువుకూ ఎదురుగా ఉంది, లేదు అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టడం. నా తర్వాత వచ్చినాయన చురుకైన మనిషి, అంతా కంప్యూటర్లోనే టిక్కు పెట్టేద్దామన్నాడు. వద్దని, లేచి బీరువా బీరువాకూ తిరిగి చూసి రాశాం. నా బల్ల మీదున్న ఆకుపచ్చ వీపు తీసి, తెల్ల ఇంకు నంబరు చూసి, ఇది కూడా స్టాకేనా మేడం అని అడిగాడు. స్టాకే, ముప్పై ఒకటో సంపుటం అన్నాను. తిప్పి చూశాడు. మరి దీనికి ఎదురుగా ఏం రాయమంటారని అడిగాడు.

లేదు అని రాయమన్నాను. ఉంది అని రాయడం ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నేర్పుతారు. లేదు అని రాయడం, అది కూడా లేకుండా పోయిన రోజే రాయడం, నాకెవరూ నేర్పలేదు. నేను నేర్చుకున్నదాని ఖర్చు ఇంకొకరు కట్టారు.